నార్టన్ కమాండో 850 స్పెక్ షీటు: కాగితం మీది అంకెల్ని బండి మీద సరిచూసుకోవడం ఎలా

ఇక్కడ ఇంగ్లండ్‌లో మనవాళ్లు కొంతమంది పాత బ్రిటిష్ బళ్ల పిచ్చిలో పడ్డారు, అందులో నేనూ ఒకణ్ని. కమాండో (నార్టన్ కంపెనీ పాత మోటార్ సైకిల్) కొన్న ప్రతివాడూ ముందు స్పెక్ షీటు, అంటే కంపెనీ ఇచ్చిన కొలతల కాగితం, ఫొటో పంపిస్తాడు, తర్వాత "అన్నా, దీంతో ఇప్పుడు ఏం చెయ్యాలి" అని అడుగుతాడు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి మొత్తం ఒకచోట రాస్తున్నా.

షీటులో పైన పెద్దగా ఉండే 828 సీసీ, 60 హార్స్‌పవర్ లాంటివి టీ తాగుతూ చెప్పుకోడానికే. బండి నడవాలంటే కావల్సింది కింద చిన్న అక్షరాల్లో ఉండే 0.006 అంగుళం, 28 డిగ్రీలు, 10 మి.మీ. లాంటివి. ఇంకోటి, ఆ అంకెలు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు బండివి. యాభై ఏళ్లలో ఎన్ని చేతులు మారిందో, ఎవడు ఏ ముక్క పీకి ఏది పెట్టాడో మనకి తెలీదు, కాబట్టి షీటులో ఉంది కదా అని నమ్మకుండా కొలిచి చూడాలి. ఎలా కొలవాలో, ఏ వరసలో కొలవాలో కింద రాశా.

ఇదంతా 1973 నుంచి వచ్చిన 850 గురించి. 750 ఉన్నవాళ్లకి పద్ధతి చాలావరకు ఇదే, అంకెలు కొన్ని తేడా. ముఖ్యంగా 1972లో 750కి వచ్చిన కాంబాట్ అనే ఇంజిన్ అయితే ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు) వేరే, దాని మాన్యువల్ చూసుకోండి.

## 1. ముందు మీ దగ్గరున్నది ఏ బండో తేల్చుకోండి

మూడు చోట్ల నంబర్లు చూడాలి. హ్యాండిల్ కింద ఫ్రేమ్ మెడ దగ్గర రేకు ప్లేటు మీద ఒకటి, ఎడమ పక్క క్రాంక్‌కేసు మీద సిలిండర్ బ్యారెల్‌కి కింద ఒకటి, గేర్‌బాక్స్ మీద ఒకటి. ఫ్యాక్టరీలో మూడింటికీ ఒకటే నంబరు కొట్టేవాళ్లు. లాగ్‌బుక్‌లో (ఇక్కడి రిజిస్ట్రేషన్ కాగితం) ఉన్నదానితో కూడా పోల్చండి.

850 నంబర్లు 300000 దగ్గర మొదలవుతాయి, 325001 నుంచి మార్క్ 3. ఈ తేడా తెలియకపోతే సగం పని తప్పుతుంది, ఎందుకంటే మార్క్ 3కి గేర్ ఎడమ పక్క, వెనక కూడా డిస్క్ బ్రేకు, సెల్ఫ్ స్టార్టరు, ప్రైమరీ చైన్‌కి దానంతటదే బిగించుకునే టెన్షనర్. అంతకుముందు బళ్లకి గేర్ కుడి పక్క, ఒకటి పైకి మూడు కిందకి, అంటే మన పాత బుల్లెట్ నడిపినవాళ్లకి కాలు దానంతటదే పోతుంది, కొత్త బళ్లు మాత్రమే నడిపినవాళ్లు మొదటి వారం బ్రేకనుకుని గేరు తొక్కుతారు (నవ్వకండి, సిగ్నల్ దగ్గర అది నవ్వే విషయం కాదు).

నంబర్లు కలవకపోతే బండి పనికిరాదని కాదు. ధర తగ్గాలి, లోపల ఏ ఇంజిన్ ఉందో దాని అంకెలే వాడాలి, అంతే.

## 2. కొలతల్లో ఇరుక్కునే మూడు చోట్లు

పింటు. ఇంజిన్ ఆయిల్ ఒక మాన్యువల్లో 5 పింట్లని ఉంటుంది, ఇంకోదాంట్లో 6 అని. రెండూ కరెక్టే. బ్రిటిష్ పింటు 568 మి.లీ., అమెరికన్ పింటు 473 మి.లీ., ఎలా లెక్కేసినా వచ్చేది 2.8 లీటర్లు. అప్పట్లో ఈ బళ్లు అమెరికాకి బాగా వెళ్లేవి కాబట్టి ఏ దేశం మాన్యువల్ చేతిలో ఉందో ముందు చూడండి.

పానాలు. ఇక్కడ అందరూ బోల్తా పడతారు. ఈ బండి మీద విట్‌వర్త్, సైకిల్ థ్రెడ్, యూఎన్ఎఫ్ అని అంగుళాల మరల రకాలన్నీ కలిసి ఉంటాయి, మెట్రిక్ పానా అసలు పట్టదు. 13 మి.మీ. పానా "దాదాపు పట్టింది" అని తిప్పితే నట్టు మూలలు గుండ్రంగా అయిపోతాయి. ఏఎఫ్ సెట్ (నట్టు రెండు చదును పక్కల మధ్య అంగుళాల కొలత) ఒకటి, విట్‌వర్త్ సెట్ ఒకటి, రెండూ కొనాల్సిందే.

బిగింపు. టార్క్ అంకెలు అడుగు-పౌండ్లలో ఉంటాయి. సిలిండర్ హెడ్ మీద 3/8 అంగుళం బోల్టులకి 30 (సుమారు 41 న్యూటన్ మీటర్లు), 5/16 వాటికి 20 (సుమారు 27). మీ టార్క్ పానా ఏ యూనిట్లో ఉందో చూసుకోకుండా 30 కి పెట్టి బిగిస్తే హెడ్ గాస్కెట్ కారడం మొదలెడుతుంది, మళ్లీ బండినే తిట్టుకుంటారు.

పని మొదలెట్టే ముందు చేతికి అందేలా పెట్టుకోవల్సినవి:

- అంగుళాల ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్నటి రేకుల సెట్)
- ఏఎఫ్, విట్‌వర్త్ పానాలు, టార్క్ పానా
- ప్లగ్గు పానా, కొత్త ప్లగ్గులు రెండు (ఎన్‌జీకే బీపీ7ఈఎస్ సరిపోతాయి)
- 20డబ్ల్యూ50 ఆయిల్, కింద పెట్టడానికి వెడల్పు ట్రే
- టైమింగ్ స్ట్రోబ్ లైటు (ప్లగ్గు స్పార్క్‌తో పాటే మెరిసేది)
- నోట్‌బుక్, పెన్ను (ఫోన్ వద్దు, చేతులకి గ్రీజు)

నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీయండి: షీటులో ఎంత, బండి మీద ఎంత దొరికింది, నేను ఎంత పెట్టాను. మధ్య గడిలో రాయకుండా సరిచేసేస్తే బండికి ముందు ఏం రోగం ఉందో తర్వాత తెలీదు.

## 3. ఏ వరసలో చెయ్యాలి

చల్లటి ఇంజిన్ పనులు ముందు, వేడి ఇంజిన్ పనులు తర్వాత. ట్యాపెట్ అంకెలు చల్లటి ఇంజిన్‌వి. ఆయిల్ లెవెల్, ఐడ్లింగ్, స్ట్రోబ్ వేడెక్కాక. అంటే శనివారం సాయంత్రం బండి తిప్పి ఆపేసి, ఆదివారం పొద్దున మొదలెట్టండి.

సెంటర్ స్టాండ్ వేసి, ప్లగ్గులు రెండూ తీసేసి, టాప్ గేర్‌లో పెట్టి వెనక చక్రం చేత్తో తిప్పితే ఇంజిన్ తిరుగుతుంది. కిక్ కొట్టి పొజిషన్ వెతుక్కోవడం కంటే ఇది నయం.

## 4. సంప్‌లోకి దిగిన ఆయిల్

కమాండోది డ్రై సంప్ ఇంజిన్, ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది. బండి వారాల తరబడి నిలబడితే ట్యాంకులో ఆయిల్ పంపు పళ్ల సందుల్లోంచి మెల్లగా క్రాంక్‌కేసులోకి దిగిపోతుంది. పంపు పాడైపోయిందని కంగారు పడక్కర్లేదు, అన్ని కమాండోలూ కొద్దో గొప్పో దించుతాయి. నాలుగు రోజుల్లోనే ట్యాంకు మొత్తం ఖాళీ అయితే అప్పుడు పంపు విప్పి చూడాలి.

నేను చేసిన వెధవ పని చెప్తా. మూడు వారాలు నిలబెట్టిన బండికి డిప్‌స్టిక్ చూశా, ఆయిల్ అంటలేదు, లీటరుపైన పోసేశా. స్టార్ట్ చేశాక కిందున్నదంతా పైకొచ్చి, ట్యాంకు నిండి పొంగి, గొట్టాల్లోంచి గరాజు నేలంతా అభిషేకం. ఆ మరక ఇంకా ఉంది.

కాబట్టి:

1. చాలా రోజులు నిలబడ్డ బండి అయితే ముందు క్రాంక్‌కేసు కింద డ్రెయిన్ ప్లగ్గు తీసి ఎంత దిగిందో చూడండి, కొలిచి రాసుకోండి.
2. శుభ్రంగా ఉంటే అదే ఆయిల్ తిరిగి ట్యాంకులో పోయొచ్చు, నల్లబడితే మొత్తం మార్చెయ్యండి.
3. లెవెల్ మాత్రం ఇంజిన్ ఒక పది నిమిషాలు తిరిగి ఆపిన వెంటనే చూడాలి. చల్లటి బండి డిప్‌స్టిక్ మాట నమ్మకండి.

కొంతమంది ఆయిల్ పైపుకి ట్యాప్ పెట్టేస్తారు. అది తెరవడం ఒక్కసారి మర్చిపోతే ఇంజిన్ పోయినట్టే. నేనైతే పెట్టను.

గేర్‌బాక్స్‌కి, ప్రైమరీ కేసుకి లెవెల్ ప్లగ్గులున్నాయి, అక్కడిదాకా పోస్తే చాలు. ప్రైమరీకి సుమారు 200 సీసీ. "ఇంకొంచెం పోస్తే మంచిదే" అనుకోకండి, క్లచ్ జారడానికి సగం కారణం ఆ ఇంకొంచెమే. ముందు ఫోర్కుల్లో ఒక్కోదానికి 150 సీసీ.

## 5. ట్యాపెట్లు

ఇన్‌లెట్ 0.006 అంగుళం (0.15 మి.మీ.), ఎగ్జాస్ట్ 0.008 (0.20 మి.మీ.).

హెడ్ ముందు పక్క రెండు మూతలు ఎగ్జాస్ట్‌వి, వెనక ఒక మూత ఇన్‌లెట్‌ది. ఇందులో కిటుకు ఒకటే. పిస్టన్లు రెండూ కలిసే పైకీ కిందకీ పోతాయి కానీ ఫైరింగ్ మాత్రం ఒకదాని తర్వాత ఒకటి, అందుకే ఎడమ పక్క వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు కుడి పక్క అదే వాల్వు క్యామ్ మీద బాగా కింద కూర్చుని ఉంటుంది. కాబట్టి:

- ఎడమ ఇన్‌లెట్ పూర్తిగా తెరిచి, కుడి ఇన్‌లెట్ సెట్ చెయ్యండి
- కుడి ఇన్‌లెట్ పూర్తిగా తెరిచి, ఎడమది
- ఎగ్జాస్టులకీ అంతే

ఫీలర్ గేజ్ లాగితే కాస్త పట్టుకుంటూ జారాలి, ఇరుక్కోకూడదు. లాక్‌నట్టు బిగించేటప్పుడు అడ్జస్టర్ కూడా తిరిగి గ్యాప్ మారిపోతుంది, అందుకే బిగించాక మళ్లీ కొలవండి. ఈ మళ్లీ కొలవడం వదిలేసేవాళ్లే ఎక్కువ. హెడ్ బోల్టులు బిగించే పని కూడా ఉంటే అది ట్యాపెట్ల కంటే ముందు, ఎందుకంటే హెడ్ కిందకి దిగితే గ్యాప్ మారుతుంది.

## 6. పాయింట్లు, టైమింగ్

కుడి పక్క టైమింగ్ కవర్ మీద గుండ్రటి చిన్న మూత తీస్తే పాయింట్లు (తెరుచుకుని స్పార్క్ పుట్టించే కాంటాక్టులు) రెండు సెట్లు కనిపిస్తాయి. గ్యాప్ 0.014 నుంచి 0.016 అంగుళం (0.35 నుంచి 0.40 మి.మీ.). రెండింటికీ ఒకేలా ఉండాలి, లేకపోతే ఒక సిలిండర్ ముందు, ఒకటి వెనక కాలుతుంది.

ఆ తర్వాతే టైమింగ్, అంటే స్పార్క్ ఎప్పుడు పడాలన్నది. గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారుతుంది కాబట్టి ఈ రెండు పనులూ తారుమారు చెయ్యకూడదు. అంకె 28 డిగ్రీలు, పిస్టన్ పైకి చేరే ముందు, అడ్వాన్స్ (వేగం పెరిగేకొద్దీ స్పార్క్ ముందుకి జరగడం) పూర్తిగా అయ్యాక. ప్రైమరీ కేసు మీద చిన్న మూత తీస్తే డిగ్రీల ప్లేటు, రోటర్ మీద గీత కనిపిస్తాయి, 3000 ఆర్‌పీఎం పైన స్ట్రోబ్ వేసి చూడాలి (ఇది వేడి ఇంజిన్ పని, చివర్లో చేద్దురుగాని).

ఆ డిగ్రీల ప్లేటు మీద మాత్రం గుడ్డి నమ్మకం వద్దు, రెండు మూడు డిగ్రీలు పక్కకి ఉన్న బళ్లున్నాయి. జీవితంలో ఒక్కసారి క్రాంక్‌కి డిగ్రీ వీల్ (డిగ్రీల గీతలున్న పళ్లెం) కట్టి అసలు 28 ఎక్కడో చూసుకుని, చుక్క పెయింటు పెట్టుకుంటే తర్వాత పేచీ ఉండదు. ముందు ఓనరు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టి ఉంటే పాయింట్ల గోల లేదు, స్ట్రోబ్ మాత్రం తప్పదు.

## 7. చైన్లు, క్లచ్

వరస గుర్తుంచుకోండి: ప్రైమరీ చైన్ ముందు, వెనక చైన్ తర్వాత. మార్క్ 3 కాని బళ్లలో ప్రైమరీ బిగించాలంటే గేర్‌బాక్స్‌నే వెనక్కి జరపాలి, జరిపితే వెనక చైన్ లూజవుతుంది. ఉల్టా చేస్తే రెండుసార్లు పని.

ప్రైమరీది మూడు వరసల చైన్. పై మూతలోంచి వేలు పెట్టి పైకీ కిందకీ ఆడిస్తే 3/8 అంగుళం, అంటే సుమారు 10 మి.మీ. ఆట ఉండాలి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికంటే బిగుతుగా ఉన్నచోట ఈ కొలత పెట్టండి. గేర్‌బాక్స్ బోల్టులు బిగించేటప్పుడు కాస్త జరుగుతుంది, మళ్లీ చూడండి. వెనక చైన్‌కి 20 నుంచి 25 మి.మీ.

క్లచ్ జారుతుంటే ప్లేట్లు కొనకముందే ప్రైమరీ ఆయిల్ లెవెల్ చూడండి. ఆ తర్వాత గేర్‌బాక్స్ ఆయిల్ క్లచ్ రాడ్ వెంట పాకుతూ ప్లేట్ల మీదకి వస్తోందేమో చూడండి, ఈ బండికి అది పాత జబ్బు, సీలు వేస్తే తగ్గుతుంది. క్లచ్ విప్పాల్సి వస్తే డయాఫ్రమ్ స్ప్రింగుని నొక్కిపెట్టే ప్రత్యేకమైన టూలు లేకుండా ముట్టుకోకండి, ఆ స్ప్రింగు ఎగిరితే వేళ్లుండవు.

### గేరింగ్ లెక్క

ఇది షీటుకీ బండికీ చాలా తేడా ఉండే చోటు. గేర్‌బాక్స్ ముందు పళ్లచక్రం 19, 20, 21, 22 ఇలా రకరకాల పళ్లతో దొరుకుతుంది, ఎవడికి నచ్చింది వాడు వేసుకుంటాడు. నాకు అమ్మినాయన 22 అన్నాడు, లెక్కపెడితే 20.

లెక్క సులువు. ఇంజిన్ దగ్గర 26 పళ్లు, క్లచ్ మీద 57, భాగిస్తే 2.19. వెనక చక్రానికి 42, ముందు 22 అయితే 1.91. రెండూ గుణిస్తే టాప్ గేర్ 4.18. ముందు 20 ఉంటే 4.60.

4.10-19 టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 2.1 మీటర్లు. అంటే టాప్ గేర్‌లో గంటకి 60 మైళ్ల దగ్గర 22 పళ్లతో ఇంజిన్ సుమారు 3200 తిరగాలి, 20తో సుమారు 3500. స్పీడోమీటర్ కేబుల్ వెనక చక్రం నుంచి వస్తుంది కాబట్టి ముందు పళ్లు మారినా స్పీడు తప్పు చూపించదు, కవర్ విప్పకుండానే రోడ్డు మీద టాకో (ఆర్‌పీఎం మీటరు) చూసి పళ్లెన్నో పట్టెయ్యొచ్చు. బండి కొనే ముందు టెస్ట్ రైడ్‌లో ఇది చెయ్యండి, అమ్మేవాడి మొహం చూడాలి.

## 8. ఐసోలాస్టిక్: కమాండో అసలు గుట్టు

బండి పాములా ఊగుతోందన్నా, చేతులు తిమ్మిరెక్కుతున్నాయన్నా, తొంభై శాతం ఇక్కడే అనుకోండి.

ఇంజిన్, గేర్‌బాక్స్, వెనక స్వింగ్ ఆర్మ్ మూడూ ఒకే ముక్కగా కట్టేసి, ఆ మొత్తాన్ని రబ్బర్ల మీద ఫ్రేమ్‌కి వేలాడదీశారు. ఇంజిన్ పైకీ కిందకీ ముందుకీ వెనక్కీ ఊగొచ్చు, పక్కకి మాత్రం జరక్కూడదు, ఎందుకంటే వెనక చక్రం కూడా దాంతోనే పక్కకి పోతుంది. ఆ పక్క ఆటే మనం కొలిచేది.

అసలు అంకె 0.010 అంగుళం (0.25 మి.మీ.). ఇప్పుడు చాలామంది 0.006 పెడుతున్నారు, నేను కూడా. రోడ్డు మీద పట్టు పెరుగుతుంది, వణుకు కాస్త ఎక్కువ తెలుస్తుంది, నాకు ఆ బేరం నచ్చింది.

1. ఇంజిన్ ముందు ఒక మౌంటు, గేర్‌బాక్స్ వెనక ఒకటి. చివర్లో ఉన్న రబ్బరు తొడుగు వెనక్కి లాగండి.
2. ఇంజిన్‌ని గట్టిగా ఒక పక్కకి నెట్టి పట్టుకోండి, ఇంకో మనిషి ఉంటే మేలు.
3. సందు కనిపించే పక్క ఫీలర్ గేజ్ దూర్చి కొలవండి.
4. ఎక్కువుంటే బోల్టు విప్పి మందమైన షిమ్ (సందు నింపే వాషర్) వెయ్యాలి. మార్క్ 3లో షిమ్ గొడవ లేదు, మరలాగా తిప్పి సెట్ చేసుకోవచ్చు. పాత బళ్లకి కూడా ఆ రకం కిట్లు దొరుకుతాయి, డబ్బులు పెట్టదగ్గ వస్తువు.
5. బోల్టు పూర్తిగా బిగించాక మళ్లీ కొలవండి.

ఒక హెచ్చరిక. తొడుగులు చిరిగి నీళ్లు పోయి లోపల తుప్పు పట్టి ఉంటే గేజ్ అసలు దూరదు, "అబ్బ, భలే బిగుతుగా ఉంది" అనిపిస్తుంది. అది బిగుతు కాదు, పట్టేయడం. విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టాకే అసలు కొలత వస్తుంది.

2500 ఆర్‌పీఎం లోపు బండి ఊగడం మామూలే, స్టాండ్ మీద ఐడ్లింగ్‌లో ముందు చక్రం డాన్సు చేస్తుంది. ఆ పైన నున్నగా అయిపోవాలి. అవ్వకపోతే రబ్బర్లు చూడండి, హెడ్ మీద ఫ్రేమ్‌కి కట్టే బ్రాకెట్ కూడా చూడండి, దాని రబ్బర్లు తెగిపోయినా ఎవరూ పట్టించుకోరు.

## 9. కరెంటు

12 వోల్టులు, కానీ పాజిటివ్ ఎర్త్. బ్యాటరీ ప్లస్సు ఫ్రేమ్‌కి వెళ్తుంది, మైనస్ ఫ్యూజ్‌కి. మనకి అలవాటైన పద్ధతిలో మైనస్‌ని ఫ్రేమ్‌కి తగిలిస్తే డయోడ్లు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఏదుంటే అది కాలిపోతుంది. మొదటి రోజే బ్యాటరీ మూత లోపల "ప్లస్సు ఫ్రేమ్‌కి" అని పెద్దక్షరాలతో రాసి అతికించండి. ఎల్ఈడీ బల్బులు కొనేటప్పుడు కూడా పాజిటివ్ ఎర్త్‌కి పనిచేస్తుందా అని అడిగి కొనండి.

ముందు ఓనరు నెగటివ్ ఎర్త్‌కి మార్చేసిన బళ్లూ ఉంటాయి, అందుకే షీటు చూసి కాదు, వైరు పట్టుకుని ఎక్కడికి వెళ్తోందో చూసి తేల్చండి.

## 10. వేడెక్కాక చేసే పనులు

కార్బొరేటర్లు అమాల్ 32 మి.మీ. కాన్సెంట్రిక్ రెండు. మెయిన్ జెట్ మొదటి బళ్లలో 260, పెద్ద ఎయిర్ బాక్సు, చప్పుడు తక్కువ సైలెన్సర్లు వచ్చిన మోడళ్లలో 230. జెట్ మీద అంకె ఉంటుంది, విప్పి చదవండి.

ఐడ్లింగ్ నిలబడకపోతే వెంటనే స్క్రూలు తిప్పకండి, ముందు పైలట్ రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి, 0.016 అంగుళం (0.4 మి.మీ.) సన్నటి డ్రిల్ బిట్టు చేత్తో దూర్చి శుభ్రం చెయ్యాలి. తర్వాత పైలట్ స్క్రూ ఒకటిన్నర చుట్టు బయటికి, రెండు స్లైడులూ ఒకేసారి లేస్తున్నాయో లేదో వేలు పెట్టి చూసి, ఐడ్లింగ్ 1000 దగ్గర పెట్టండి.

పెట్రోల్ గురించి ఒక మాట. బ్రిటన్‌లో 2021 సెప్టెంబర్ నుంచి మామూలు పెట్రోల్ ఈ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిపినది) అయిపోయింది. ఫైబర్‌గ్లాస్ ట్యాంకున్న కమాండోలో ఇథనాల్ ఆ రెసిన్‌ని మెత్తబరిచి, జిగురంతా తెచ్చి కార్బొరేటర్లో పోస్తుంది. సూపర్ గ్రేడ్ ఈ5 పోయించండి, లేదా స్టీలు ట్యాంకు వేసుకోండి. ఈ20 పోసే చోట ఉన్నవాళ్లకి రెండోదే గతి.

సైలెన్సర్ పైపులు హెడ్‌లోకి బిగించే పెద్ద నట్లు కూడా వేడి మీదే, సరైన సీ పానాతో బిగించాలి. అవి లూజుగా వదిలేసి తిరిగితే హెడ్‌లో థ్రెడ్లు అరిగిపోతాయి, ఆ రిపేరుకి హెడ్ విప్పి పంపాల్సిందే.

## 11. రోడ్డెక్కే ముందు

- స్ట్రోబ్‌తో 28 డిగ్రీలు చూశాను, రెండు సిలిండర్లకీ
- ఆయిల్ లెవెల్ వేడి మీద చూశాను, తిరిగి ట్యాంకులోకి ధార పడుతోంది (మూత తీస్తే కనిపిస్తుంది)
- క్లచ్ కేబుల్‌కి కాస్త ఆట ఉంది
- రెండు చైన్లూ, ఐసోలాస్టిక్ బోల్టులూ బిగించాక మళ్లీ కొలిచాను
- టైర్లు ముందు 26, వెనక 28 పీఎస్ఐ (నేను పెట్టేది, టైరు కంపెనీ వేరే చెప్తే అదే పెట్టండి)
- ముందు బ్రేకు లివర్ చెక్కలా గట్టిగా ఉందా? బ్రేకు పాడవలేదు, మాస్టర్ సిలిండర్ బోరు పెద్దది. 13 మి.మీ.కి స్లీవు వేయిస్తే పట్టు మారిపోతుంది

మొదట పది మైళ్లు తిరిగి ఇంటికొచ్చి, బండి కింద అట్టముక్క పరిచి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున ఏ చుక్క ఏ భాగం కింద పడిందో చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి. వంద మైళ్లయ్యాక హెడ్ బోల్టులు, ట్యాపెట్లు, ఎగ్జాస్ట్ నట్లు ఈ మూడూ మళ్లీ ఒకసారి.